చిన్న రంధ్రం, పెద్ద గడ్డ: పిల్లల క్యాన్సర్‌కు కీహోల్ ఆపరేషన్ ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లల క్యాన్సర్ వార్డుల్లో కొన్ని మంచాల తల దగ్గర ఒక కాగితం అంటించి ఉంటుంది: ‘కడుపు నొక్కి చూడవద్దు’. ఆ మంచం మీద ఉండేది సాధారణంగా ఐదేళ్ల లోపు బిడ్డ. స్నానం చేయిస్తున్నప్పుడో, ఒంటికి నూనె రాస్తున్నప్పుడో పొట్టలో ఒక పక్కన గట్టిగా ఏదో తల్లి చేతికి తగిలితే ఆసుపత్రికి తీసుకొచ్చి ఉంటారు. చాలాసార్లు బిడ్డకు నొప్పి ఉండదు, ఆటపాటలకు లోటు ఉండదు. స్కానింగ్ చేస్తే మాత్రం కిడ్నీలో పుట్టి పొట్టలో సగం ఆక్రమించిన గడ్డ కనిపిస్తుంది. దాని పేరు విల్మ్స్ ట్యూమర్. దాన్ని చుట్టి ఉండే పొర పలచన. వచ్చిన డాక్టరు, పోయిన విద్యార్థి, ఒకరి తరవాత ఒకరు నొక్కి చూస్తే ఆ పొర ఎక్కడ చిరుగుతుందోనన్న భయంతో పెట్టిన కాగితం అది.

పిల్లల క్యాన్సర్‌కు కీహోల్ ఆపరేషన్ చేయవచ్చా, కూడదా అన్న చర్చలో చిక్కు చాలావరకు ఆ పలచని పొర దగ్గరే ఉంది. బాబాయికి పిత్తాశయంలో రాళ్లు తీశారు, అక్క కూతురికి అపెండిక్స్ తీశారు, ఇద్దరూ మర్నాడే ఇంటికొచ్చారు, ఒంటి మీద మూడు చుక్కలు తప్ప మచ్చ లేదు. అలాంటప్పుడు మా పిల్లవాడికి మాత్రం పొట్ట అడ్డంగా కోయడం దేనికి అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. దానికి జవాబు కొన్ని గడ్డల విషయంలో ‘చేయవచ్చు’, కొన్నింటి విషయంలో ‘కూడదు’, చాలావాటి విషయంలో ‘ఇంకా తేలలేదు’. ఏది ఎందుకో చూడాలంటే మొదట ఆ ఆపరేషన్‌లో ఏం జరుగుతుందో తెలియాలి.

గాలి నింపిన పొట్టలో పని

కీహోల్ అన్నది వాడుక పేరు. కడుపులో చేస్తే ల్యాప్రోస్కోపీ అనీ, ఛాతీలో చేస్తే థొరకోస్కోపీ అనీ అంటారు. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి ఒక గొట్టం దించి, దాని గుండా కార్బన్ డయాక్సైడ్ పంపితే పొట్ట గోడ గుడారంలా పైకి లేచి లోపల చోటు ఏర్పడుతుంది. ఆ గొట్టంలోంచే కెమెరా దిగుతుంది. మరో రెండు మూడు గాట్లలోంచి సన్నని, పొడవైన పనిముట్లు లోపలికి వెళ్తాయి. పిల్లల్లో వాటి మందం 3 నుంచి 5 మిల్లీమీటర్లు. సర్జన్ చూపు తెర మీద, చేతులు పనిముట్ల పిడుల మీద ఉంటాయి. అవయవాన్ని వేళ్లతో తాకడం మాత్రం కుదరదు.

కార్బన్ డయాక్సైడ్‌నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. రక్తస్రావం ఆపడానికి లోపల కరెంటుతో కాలుస్తారు కాబట్టి అంటుకునే వాయువు పనికిరాదు. పైగా ఇది రక్తంలో తేలిగ్గా కరిగి ఊపిరితో బయటికి పోతుంది. పెద్దవాళ్లలో వాయువు ఒత్తిడిని 12 నుంచి 15 పాదరస మిల్లీమీటర్ల దాకా ఉంచుతారు, పసిపిల్లల్లో 6 నుంచి 8తో సరిపెట్టుకుంటారు. అంతకు మించితే ఊపిరితిత్తుల కింది పొర పైకి నెట్టుకుపోయి శ్వాస కష్టమవుతుంది, కాళ్ల నుంచి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. అందుకే ఈ ఆపరేషన్లలో మత్తు డాక్టరు పని సర్జన్ పనికన్నా తక్కువేమీ కాదు.

ఒక లెక్క గుర్తుంచుకోవాలి. పెద్ద మనిషి పొట్టలోకి 3 నుంచి 5 లీటర్ల వాయువు పడుతుంది. 10 కిలోల బిడ్డ పొట్టలో లీటరు కూడా పట్టదు. ఆ కాస్త చోటులోకే అర లీటరు గడ్డ ముందే వచ్చి కూర్చుని ఉంటే కెమెరా తిప్పడానికి, పనిముట్టు కదపడానికి మిగిలేది ఎంత?

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1901లో జర్మనీలో గేయోర్గ్ కెల్లింగ్ ఒక కుక్క పొట్టలోకి గాలి పంపి గొట్టంతో చూశారు. 1910లో స్వీడన్‌లో హాన్స్ క్రిస్టియన్ యాకొబేయస్ మనుషుల్లో ఆ పని చేశారు. ‘చూడటం’ నుంచి ‘తీయడం’ దాకా రావడానికి మరో 70 ఏళ్లు పట్టింది. 1980లో జర్మనీలోనే కుర్ట్ సెమ్ అపెండిక్స్‌నూ, 1985లో ఎరిక్ మ్యూహె పిత్తాశయాన్నీ ఈ దారిలో తీశారు. 1990లో అమెరికాలో రాల్ఫ్ క్లేమన్ బృందం ఒక వృద్ధురాలి కిడ్నీని తీసింది. అంత పెద్ద అవయవాన్ని అంత చిన్న రంధ్రంలోంచి బయటికి తేవడానికి వాళ్లు దాన్ని పొట్టలోపలే ఒక సంచిలో వేసి, అక్కడే తురిమి బయటికి లాగారు. పిల్లల క్యాన్సర్‌లో ఆ తురమడమే నిషిద్ధం.

పేచీ లేని పనులు

కీహోల్ అనగానే గడ్డ మొత్తం తీసేయడమే మనసులో మెదులుతుంది కానీ, పిల్లల క్యాన్సర్ చికిత్సలో ఈ పద్ధతిని ఎక్కువగా వాడేదీ, ఎక్కువమంది ఒప్పుకునేదీ వేరే పనులకు. సూదితో చాలినంత ముక్క రానప్పుడు కెమెరాతో చూస్తూ పరీక్షకు ముక్క తీయడం, రొమ్ము ఎముక వెనక పెరిగిన గ్రంథి లింఫోమానా (శోషరస గ్రంథుల క్యాన్సరా) కాదా అని తేల్చుకోవడం, స్కానింగ్‌లో అనుమానంగా కనిపించిన మచ్చను కంటితో చూడటం అలాంటివి. కటి భాగానికి రేడియేషన్ ఇవ్వబోయే ఆడపిల్లకు అండాశయాన్ని ఆ కిరణాల దారిలోంచి పక్కకు జరిపి కుట్టడం, తీవ్రమైన కీమోకు ముందు అండాశయపు ముక్కను తీసి గడ్డకట్టించి దాచడం కూడా ఈ దారిలోనే చేస్తారు. కోత చిన్నదైతే కీమో త్వరగా మొదలుపెట్టవచ్చు, ఇక్కడి అసలు లాభం అదే. లింఫోమాలాంటి జబ్బులో మందే ప్రధాన చికిత్స, కత్తి పని ముక్క తెచ్చివ్వడం వరకే.

‘పోర్టు పెట్టారు’ అన్న మాట వార్డులో తరచుగా వినిపిస్తుంది. అది మాటిమాటికీ నరం వెతకకుండా కీమో ఎక్కించడానికి ఛాతీ చర్మం కింద అమర్చే చిన్న పరికరం. కీహోల్ ఆపరేషన్‌లో పనిముట్టు దూర్చే గొట్టాన్నీ సర్జన్లు పోర్టు అనే అంటారు. ఒకే మాట రెండు వస్తువులకు వాడటంతో కన్నవాళ్లు తికమకపడటం నేను చూశాను.

పొర చిరిగితే ఏమవుతుంది

విల్మ్స్ ట్యూమర్‌ను 1899లో విపులంగా వర్ణించిన జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ పేరుతో పిలుస్తారు. సరైన చికిత్స అందే దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది బతుకుతున్నారు. క్యాన్సర్ వైద్యం సాధించిన పెద్ద విజయాల్లో ఇది ఒకటి, ఆ విజయమే కీహోల్ చర్చను ఇంత సున్నితం చేసింది. ఫలితాలు అంతంతమాత్రంగా ఉన్న జబ్బులో కొత్త పద్ధతి ప్రయత్నించడం వేరు, పదిలో తొమ్మిది మంది బతికే చోట ప్రయత్నించడం వేరు.

గడ్డ తీస్తుండగా పొర చిరిగి లోపలి పదార్థం పొట్టలో ఒలికితే, అప్పటిదాకా మొదటి దశలోనో రెండో దశలోనో ఉన్న జబ్బును మూడో దశగా లెక్కిస్తారు. దశ మారితే మందూ మారుతుంది. రెండు మందులతో సరిపోయే బిడ్డకు సాధారణంగా డాక్సోరుబిసిన్ అనే మూడో మందు, దానికి తోడు పొట్టకు రేడియేషన్ అవసరమవుతాయి. డాక్సోరుబిసిన్ ప్రభావం ఏళ్ల తరవాత గుండె మీద కనిపించవచ్చు. ఎదిగే వయసులో పొట్టకు రేడియేషన్ ఇస్తే ఆ పక్క వెన్నెముక, కండరాలు కుంచించుకుపోవచ్చు. మొత్తం పొట్టకు ఇవ్వాల్సి వస్తే ఆడపిల్లల అండాశయాలకూ ముప్పు ఉంటుంది. అంటే 15 సెంటీమీటర్ల మచ్చ తప్పించబోయి జీవితకాలపు భారం మోపే అవకాశం ఉంది. పెద్ద కోతను సమర్థించే సర్జన్లు మొండివాళ్లు కారు, వాళ్లు వేసుకునే లెక్క ఇదే.

‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది’ అన్న భయం మన దగ్గర ఇంటింటా వినిపిస్తుంది. చాలా క్యాన్సర్లలో అది అపోహే, ముక్క పరీక్ష లేకుండా చికిత్సే మొదలుకాదు. విల్మ్స్ ట్యూమర్ విషయంలో మాత్రం వైద్య ప్రపంచమే రెండుగా చీలింది. అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూపు పద్ధతిలో ఆపరేషన్‌కు ముందు ముక్క తీస్తే జబ్బును మూడో దశగానే లెక్కిస్తారు. ఐరోపాలో ఎక్కువగా పాటించే అంతర్జాతీయ పిల్లల క్యాన్సర్ వైద్య సంఘం, అంటే సియోప్ పద్ధతిలో, చర్మం గుండా సూదితో తీసిన ముక్క వల్ల దశ మారదు. కోసి తీస్తే మారుతుంది.

ముందు కత్తా, ముందు మందా?

కీహోల్ సాధ్యాసాధ్యాలు కూడా ఈ చీలిక మీదే ఆధారపడ్డాయి. అమెరికా పద్ధతిలో సాధారణంగా మొదట గడ్డ తీసి, తరవాత కీమో ఇస్తారు. గడ్డ అసలు రూపం, అసలు దశ తెలియాలంటే మందు తగలకముందే చూడాలన్నది వాళ్ల వాదన. సియోప్ పద్ధతిలో మొదట కీమో, జబ్బు కిడ్నీకి పరిమితమైతే 4 వారాలు, ఊపిరితిత్తులకు పాకి ఉంటే 6 వారాలు. ఆ తరవాత ఆపరేషన్. గడ్డ కుంచించుకుంటుంది, పొర కాస్త గట్టిపడుతుంది, ఒలికే ప్రమాదం తగ్గుతుందన్నది వీళ్ల వాదన. బతికే శాతంలో రెండు పద్ధతుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే కీహోల్‌కు చోటు దొరికేది ఎక్కువగా రెండో దారిలోనే. 2004లో బ్రెజిల్ వైద్యులు విల్మ్స్ ట్యూమర్‌కు ల్యాప్రోస్కోపీతో కిడ్నీ తీయడం గురించి తొలి అనుభవాలను ప్రచురించినప్పుడు, అవి కూడా కీమో తరవాత చేసిన ఆపరేషన్లే.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మూడేళ్ల బిడ్డ, ఎడమ కిడ్నీలో గడ్డ, స్కానింగ్ కొలతలు 12, 10, 10 సెంటీమీటర్లు. గుండ్రటి గడ్డ పరిమాణానికి వైద్యులు వాడే లెక్క తేలికే, మూడు కొలతలను గుణించి దాదాపు సగం, కచ్చితంగా చెప్పాలంటే 0.52 వంతు తీసుకోవాలి. 1,200లో 0.52 వంతు అంటే 624 మిల్లీలీటర్లు. లీటరు పట్టని పొట్టలో ఇంత గడ్డ ఉంటే కీహోల్ మాటే రాదు. నాలుగు వారాల కీమో తరవాత కొలతలు 7, 6, 6కు దిగాయనుకుందాం. 252లో 0.52 వంతు, సుమారు 131 మిల్లీలీటర్లు. గడ్డలో దాదాపు ఐదింట నాలుగు వంతులు కరిగిపోయింది, ఇప్పుడు చర్చకు చోటుంది.

అక్కడితో అయిపోలేదు. గడ్డ కిడ్నీ మధ్యలో ఉండి, చుట్టూ మంచి కండ ఇంకా ఒక వరసగా మిగిలి ఉంటే అది రక్షణ కవచంలా పనిచేస్తుంది. గడ్డ అంచు నుంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటే పనిముట్టు తగిలేది నేరుగా గడ్డ పొరకే. సియోప్ ప్రస్తుత నియమాలు కీహోల్‌కు అనుమతించేది మొదటి రకాన్నే, అంటే చిన్నదిగా, మధ్యలో ఉన్న గడ్డనే. గడ్డ వెన్నెముక అంచును దాటినా, పక్క అవయవాలకు అంటుకున్నా, కిడ్నీ రక్తనాళంలోకో పెద్ద సిరలోకో పాకినా, కీమోకు ఏమాత్రం లొంగకపోయినా కీహోల్ వద్దంటాయి. కిడ్నీలో కొంత భాగాన్ని కాపాడగలిగితే పొట్ట తెరిచి అయినా సరే కాపాడటానికే మొగ్గు చూపమంటాయి. ఆ చివరి మాట నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. పొట్ట మీద మచ్చ కన్నా లోపల మిగిలే అర కిడ్నీ విలువైనది. కొందరు పిల్లల్లో ఈ జబ్బు రెండు కిడ్నీలకూ వస్తుంది, వాళ్ల విషయంలో ఇక చెప్పనక్కర్లేదు.

సంచి, గ్రంథులు

పైన చెప్పిన బిడ్డకు కీహోల్ చేస్తున్నారనుకుందాం. కిడ్నీకి రక్తం తెచ్చే ధమనినీ, తీసుకుపోయే సిరనూ క్లిప్పులు వేసి కత్తిరించారు, మూత్రనాళాన్ని వీలైనంత కింద తెంచారు. ఇప్పుడు ఒక పోర్టు గుండా మడిచిన ప్లాస్టిక్ సంచి లోపలికి వస్తుంది. దాని మూతికి దారం ఉంటుంది, జోలె తాడులాంటిది. ఇద్దరు చెరో పక్క పట్టుకుని సంచి నోరు తెరిస్తే, కిడ్నీతో సహా గడ్డను పొరకు గీత పడకుండా మెల్లగా దాంట్లోకి జార్చాలి. జారుతుంది, తిరుగుతుంది, మళ్లీ బయటికి వస్తుంది. గడ్డను విడదీయడం కన్నా దీనికే ఎక్కువసేపు పట్టే సందర్భాలుంటాయి. దారం బిగించాక దాన్ని బయటికి తేవాలి. తురమకూడదు. తురిమితే పొర చెక్కుచెదరకుండా ఉందా, అంచుల దాకా క్యాన్సర్ కణాలు చేరాయా అన్నది పరీక్షించే ప్యాథాలజిస్టుకు తెలియదు, అంటే దశ నిర్ణయం కుదరదు. కాబట్టి పొత్తికడుపు కింద, బట్ట కప్పే చోట, గడ్డ పట్టేంత కోత పెట్టాల్సిందే. మన ఉదాహరణలో అది 6 సెంటీమీటర్ల పైమాటే. కీహోల్ అన్న పేరు ఇక్కడ పూర్తి నిజం కాదు. బొడ్డు పైన అడ్డంగా ఉండాల్సిన పెద్ద గాటు, కొంత చిన్నదై కిందికి దిగిందంతే.

రెండో పరీక్ష శోషరస గ్రంథులది. కిడ్నీ దగ్గర, పెద్ద రక్తనాళాల పక్కన ఉండే చిక్కుడు గింజల్లాంటి ఈ గ్రంథులకు జబ్బు పాకిందా లేదా తేల్చాలంటే కొన్నింటిని తీసి పరీక్షకు పంపాలి. సియోప్ తాజా నియమాలు కనీసం 7 తీయడాన్ని లక్ష్యంగా పెట్టాయి. అమెరికాలో జరిగిన నాలుగో జాతీయ విల్మ్స్ ట్యూమర్ అధ్యయనం, ఆపరేషన్‌లో ఒలికిన పిల్లల్లోనే కాక, గ్రంథుల పరీక్ష జరగని పిల్లల్లో కూడా జబ్బు పొట్టలో తిరగబెట్టే ముప్పు ఎక్కువని చూపింది. కీహోల్ మీద వచ్చిన గట్టి విమర్శ సరిగ్గా ఇక్కడిదే. ఈ పద్ధతిలో చేసిన ఆపరేషన్ల నివేదికలు చూస్తే చాలావాటిలో తీసిన గ్రంథుల సంఖ్య చాలినంత లేదు. పనిముట్టుతో తీయలేమని కాదు, పెద్ద రక్తనాళాల పక్కన గంటలకొద్దీ చేసే పని మీదట ఇంకొంత పని మిగిలి ఉందన్నది మరుపున పడుతుంది.

అన్ని గడ్డలూ ఒకటి కావు

కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో పుట్టే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌కు వేరే స్వభావం ఉంది. అది రక్తనాళాలను పక్కకు నెట్టదు, చెట్టు వేళ్లు రాయిని చుట్టుకున్నట్టు చుట్టేస్తుంది. అందుకే దానికి సైజు కన్నా స్కానింగ్‌లో కనిపించే ‘ముప్పు సూచికలు’ ముఖ్యం. పెద్ద ధమనిని చుట్టిందా, వెన్నుపాము దారిలోకి దూరిందా వంటి ఆ సూచికలు లేని, 5–6 సెంటీమీటర్ల లోపు గడ్డలకు ల్యాప్రోస్కోపీని చాలా కేంద్రాలు ఇప్పుడు మామూలుగానే చేస్తున్నాయి. ఉన్నవాటికి పొట్ట తెరవడమే దారి. మరో విశేషం, ఆరు నెలల లోపు పసికందుల్లో కనిపించే చిన్న అడ్రినల్ గడ్డలను కోయకుండా స్కానింగులతో గమనిస్తూ పోయిన ఒక అమెరికా అధ్యయనంలో, ప్రతి ఐదుగురిలో నలుగురికి ఆపరేషన్ అవసరమే రాలేదు. కీహోల్‌ కన్నా చిన్న కోత అదే కదా.

అండాశయపు గడ్డల్లో చిక్కు వేరు. నీటితిత్తిలా కనిపించేదాన్ని సూదితో పొడిచి నీరు లాగి చిన్నది చేస్తే చిన్న రంధ్రంలోంచి తేలిగ్గా వచ్చేస్తుంది, నిరపాయకరమైన తిత్తులకు అది సరే. అది క్యాన్సర్ అయితే ఆ పొడవడమే ఒలకడం. ముందుగా రక్తంలో క్యాన్సర్ సూచికలైన ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ పరీక్షలు చేసి అనుమానాన్ని తూచేది అందుకే.

చూపుకు అందనిది వేలికి అందుతుంది

ఛాతీ ఆపరేషన్లలో వాదం మరో మలుపు తిరుగుతుంది. ఎముక క్యాన్సర్ అయిన ఆస్టియోసార్కోమా ఊపిరితిత్తులకు పాకితే, అక్కడి గడ్డలన్నింటినీ తీసేస్తేనే బిడ్డ బతికే ఆశ ఉంటుంది. సీటీ స్కానింగ్‌లో మూడు కనిపిస్తే, ఛాతీ తెరిచి ఊపిరితిత్తిని రెండు వేళ్ల మధ్య నలుపుతూ వెతికే సర్జన్‌కు ఆవగింజంతవి ఇంకో రెండు తగలడం అరుదు కాదు. కీహోల్‌లో వేలికి చోటు లేదు. కాబట్టి ఛాతీ తెరవాల్సిందేనన్నది ఒక పక్షం. స్కానింగ్‌కు అందనంత చిన్న గడ్డలు తీసినందువల్ల బిడ్డ నిజంగా ఎక్కువ కాలం బతుకుతున్నాడని ఎవరూ రుజువు చేయలేదు, ఛాతీ తెరవడం వల్ల నెలలపాటు నొప్పి, పెరిగే వయసులో వెన్ను వంకర పోవడం వంటివి మాత్రం నిజమన్నది మరో పక్షం. రెండు మాటల్లోనూ బలం ఉంది. ఈ తగవును తేల్చడానికే చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూపు కొద్ది గడ్డలే ఉన్న రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి పోల్చే పరీక్షను చేపట్టింది.

కాలేయ క్యాన్సర్ హెపటోబ్లాస్టోమా పాకినప్పుడు మాత్రం వేలి లోటును వెలుగు తీరుస్తోంది. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును ముందుగా నరంలోకి ఎక్కిస్తే మామూలు కాలేయం దాన్ని పైత్యంతో బయటికి పంపేస్తుంది, క్యాన్సర్ కణాలు పట్టి ఉంచుకుంటాయి. ప్రత్యేక కెమెరాలో ఊపిరితిత్తి మీద ఆ గడ్డలు చీకట్లో మిణుగురుల్లా మెరుస్తాయి. ఆ వెలుగు పైపొర నుంచి సుమారు సెంటీమీటరు లోతు దాకే కనిపిస్తుంది, అంతకన్నా లోతున ఉన్నవి దానికీ అందవు.

రుజువులు ఎందుకు తక్కువ

ఇన్నేళ్లయినా ‘తేలలేదు’ అనడం ఏమిటని చదువరికి విసుగు రావచ్చు. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ పిల్లల పొట్ట, ఛాతీ గడ్డల్లో కీహోల్‌ను పెద్ద కోతతో పోల్చిన అధ్యయనాల కోసం వెతికి, 2015 నాటి సమీక్షలో కూడా లాటరీ పద్ధతిలో జరిగిన పరీక్ష ఒక్కటీ దొరకలేదని తేల్చింది. 1990లలో అమెరికాలో అలాంటివి మొదలుపెట్టారు గానీ, చేరిన పిల్లలు చాలక మధ్యలోనే ఆపేశారు. జబ్బు అరుదు. సర్జన్లకు ఎవరి నమ్మకం వాళ్లకుంది. కన్నవాళ్లు బిడ్డ పొట్ట కోత లాటరీలో తేలాలంటే ఒప్పుకోరు.

ఉన్న నివేదికల్లో కీహోల్ ఫలితాలు చాలావరకు బాగానే ఉన్నాయి. అయితే వాటిని ఎలా చదవాలో చూపడానికి ఇంకో ఊహా లెక్క. ఒక ఆసుపత్రిలో 100 మంది పిల్లలకు గడ్డ తీశారు. 20 మందికి కీహోల్, వాళ్లలో ఒకరికి జబ్బు తిరగబెట్టింది, అంటే 5 శాతం. 80 మందికి పెద్ద కోత, వాళ్లలో 12 మందికి తిరగబెట్టింది, అంటే 15 శాతం. కీహోల్ మూడు రెట్లు మేలని రాసేయవచ్చు. కానీ కీహోల్‌కు ఎంచుకున్నవన్నీ చిన్న గడ్డలే. పెద్ద కోత జట్టులోనూ అలాంటి చిన్న గడ్డలవాళ్లను 20 మందిని విడిగా తీసి చూస్తే, వాళ్లలోనూ తిరగబెట్టింది ఒక్కరికే అనుకోండి. అప్పుడు తేడా గడ్డది, కోతది కాదు. దీనికి తోడు, ‘30 మందికి చేశాం, ఒక్కరికీ తిరగబెట్టలేదు’ అన్న వాక్యం ఘనంగా వినిపిస్తుంది గానీ, గణాంక శాస్త్రం ప్రకారం అసలు రేటు 10 శాతం దాకా ఉన్నా 30 మందిలో సున్నా రావడానికి వీలుంది.

పెద్దవాళ్ల వైద్యంలో జరిగిన ఒక సంగతి పిల్లల సర్జన్లను ఉలిక్కిపడేలా చేసింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిదశలో కీహోల్ సురక్షితమని ఏళ్ల తరబడి అనుకున్నారు. 631 మందితో లాటరీ పద్ధతిలో జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. నాలుగున్నరేళ్ల తరవాత జబ్బు లేకుండా ఉన్నవాళ్లు పెద్ద కోత జట్టులో 96.5 శాతం, కీహోల్ జట్టులో 86 శాతం. అందరూ ఊహించిన దానికి ఇది ఎదురు. ఆ జబ్బు వేరు, ఈ జబ్బులు వేరు. దాన్ని తెచ్చి పిల్లలకు అంటగట్టడం సరికాదు. అలాగని పేగు క్యాన్సర్‌లో పెద్దవాళ్లకు కీహోల్ బాగానే పనిచేస్తోందన్న మాటనూ ఇక్కడికి తెచ్చి అతికించలేం.

కీహోల్ వైపు వాదించేవాళ్ల చేతిలో ఉన్నవి ఊరికే అందానికి సంబంధించిన మాటలు కావు. పొట్ట తెరిచి చేసిన విల్మ్స్ ఆపరేషన్ల తరవాత, పైన చెప్పిన నాలుగో జాతీయ విల్మ్స్ అధ్యయనంలోనే సుమారు 5 శాతం పిల్లలకు పేగులు అతుక్కుని అడ్డుపడటం జరిగింది. కీహోల్‌లో లోపలి అతుకులు తక్కువ. నొప్పి మందులు తగ్గుతాయి, బిడ్డ త్వరగా తింటాడు, కీమో వాయిదా పడదు. కెమెరా రక్తనాళాలను పెద్దవి చేసి చూపుతుంది. వీటిని కాదనేవాళ్లు లేరు. వీటిని పొందడానికి ఎంత ప్రమాదాన్ని ఒప్పుకోవచ్చు అన్నదే తగవు.

రోబోల గురించి ఒక మాట. ప్రకటనల్లో కనిపించేంత తేడా ఇక్కడ లేదు. రోబో చేయి మణికట్టులా తిరుగుతుంది, కుట్లు వేయడం సులువు. కానీ దాని పనిముట్ల మందం 8 మిల్లీమీటర్లు, చేతుల మధ్య ఎడం కావాలి, రెండేళ్ల బిడ్డ పొట్ట మీద ఆ ఎడం దొరకదు. గడ్డ ఒలకడం, గ్రంథులు తీయడం గురించిన ప్రశ్నలు రోబో వాడినా అవే.

మన దగ్గర

తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చకు ఒక అదనపు బరువుంది. ఇక్కడ చాలామంది పిల్లలు గడ్డ బాగా పెరిగాకే పెద్దాసుపత్రికి చేరుతున్నారు. నాటు వైద్యం, ఊళ్లో ఆర్‌ఎంపీ, గ్యాస్ అనుకుని ఇచ్చిన మందులు, అవన్నీ అయ్యేసరికి నెలలు గడుస్తాయి. తిండి చాలక చిక్కిన బిడ్డకు కీమో, మత్తు రెండూ గండాలే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల చికిత్స ఖర్చు చాలా కుటుంబాలకు తేలికపడింది గానీ, పిల్లల సర్జన్, పిల్లల కీమో వైద్యులు, ఈ గడ్డలను గుర్తుపట్టే ప్యాథాలజిస్టు, రేడియేషన్ యంత్రం ఒకే చోట దొరకడం ఇంకా హైదరాబాద్, విశాఖపట్నం వంటి కొన్ని నగరాల మాటే. కిడ్నీ గడ్డకు కీహోల్ చేసే అవకాశమున్న పిల్లలు పదుల సంఖ్యలో ఉంటే, వాళ్లు పదిమంది సర్జన్ల మధ్య చెల్లాచెదురైతే ఎవరికీ చేయి తిరగదు. అనుభవం లేని చోట ఈ ఆపరేషన్ చేయవద్దనీ, బిడ్డను అనుభవమున్న కేంద్రానికి పంపమనీ సియోప్ నియమాలు చెప్పడానికి కారణం ఇదే.

సంతకం పెట్టమని ఇచ్చే అంగీకార పత్రంలో ‘అవసరమైతే పొట్ట తెరిచి చేయవచ్చు’ అన్న వరస ఒకటి ఉంటుంది. కీహోల్‌గా మొదలుపెట్టి మధ్యలో పెద్ద కోతకు మారడాన్ని వైద్యులు కన్వర్షన్ అంటారు. బయట కూర్చున్నవాళ్లకు ఆ కబురు అందగానే ఏదో తప్పు జరిగిందన్న దిగులు పుడుతుంది. ఒక్కోసారి రక్తస్రావం వల్ల అలా మారాల్సి రావడమూ నిజమే. కానీ ఎక్కువసార్లు జరిగేది ఇది: తెర మీద గడ్డ అంచు సిరకు అంటుకున్నట్టు కనిపిస్తుంది, పనిముట్టుతో లాగితే పొర సాగుతుంది, సర్జన్ ఆగి, గాలి వదిలేసి, కత్తి అడుగుతారు. గడ్డ పొరతో సహా ట్రేలోకి వస్తుంది. ఆ బిడ్డ పొట్ట మీద మూడు చుక్కలూ ఉంటాయి, అడ్డంగా పొడుగాటి మచ్చా ఉంటుంది.